పెట్టేసి చేతులు దులుపుకోకండి

తెలుగు పుస్తకాలను, పత్రికలను, పరిశోధన గ్రంథాలను ఆన్‌లైన్‌లోకి తెస్తున్న సంపాదకులకు, ప్రచురణకర్తలకు, గ్రంథాలయ, విశ్వవిద్యాలయ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

హనుమకొండలో డీటీపీ పని, ప్రూఫులు దిద్దే పని చేసుకుని బతికేవాణ్ని. పెళ్లి పత్రికల దగ్గర్నుంచి పీహెచ్‌డీ థీసిస్‌ల దాకా, కవితా సంపుటాల నుంచి సంఘాల సావనీర్ల దాకా అన్ని రకాల రాతలూ చూశాను. ఈ మధ్య అచ్చుపని తగ్గింది. ఎప్పుడో అచ్చయినవాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెరిగింది. ఆ పనిలో కళ్లారా చూసినదాన్ని బట్టి మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. డిజిటల్ ప్రచురణకు మీరు వేసే ప్రతి బడ్జెట్‌లో మరమ్మతుకు ఒక పద్దు పెట్టండి. అప్‌లోడ్ అయిన రోజుతో సంపాదకుడి పని తీరిపోయిందని అనుకోకండి. అప్పటికి అయ్యేది సగం పనే.

ముందు ఒక చిన్న తప్పు చూడండి. ‘తెలంగాణ’, ‘తెల౦గాణ’. ఈ రెండింటికీ తేడా కంటికి ఆనదు. మొదటి మాటలో ‘ల’ పక్కన ఉన్నది అనుస్వారం. రెండో మాటలో ఉన్నది తెలుగు అంకెల్లోని సున్నా. చదివే మనిషికి రెండూ ఒకటే. వెతికే కంప్యూటర్‌కు మాత్రం ఇవి సంబంధం లేని రెండు మాటలు. ఒక పుస్తకంలో ‘వరంగల్’ అన్నచోటల్లా ఇలా అంకె పడిందంటే, వరంగల్ గురించి వెతికే విద్యార్థికి ఆ పుస్తకం లేనట్టే లెక్క. చూపు లేనివాళ్లు ఫోన్‌తో చదివించుకుంటే ఆ మాట మధ్యలో విరిగిపోతుంది.

ఈ తప్పు ఎలా వస్తుందో మా పనివాళ్లకు తెలిసిందే. టైపు చేసేవాళ్లకు కీబోర్డులో అనుస్వారం ఎక్కడుందో తోచక, చూడ్డానికి అలాగే ఉందని అంకె కొట్టేస్తారు. లేదంటే స్కాన్ బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ పొరబడుతుంది. దిద్దడం పెద్ద కష్టమేమీ కాదు, అలాగని కళ్లు మూసుకుని చేసేదీ కాదు. అంకె సున్నాలన్నీ తీసి అనుస్వారం పెట్టమని ఒక్క కమాండ్ ఇచ్చారనుకోండి. పాత పుస్తకంలో ‘౧౯౦౪’ అని వేసిన సంవత్సరాలన్నీ చెడిపోతాయి. అక్షరాన్ని అంటుకున్న సున్నాను మార్చాలి, అంకెల మధ్య ఉన్నదాని జోలికి పోకూడదు. సరే, నియమం దొరికింది కదా అని తొమ్మిదికి కూడా అదే వాడబోతే అక్కడ ఇంకో చిక్కు. పాత అచ్చులో ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని వేసేవాళ్లు. ‘మ’ పక్కన ఉన్నది వలపలగిలక, అంటే అక్షరానికి ముందు పలికే ‘ర్’ను దాని పక్కన చూపించే పాత గుర్తు. కీబోర్డులో దానికి చోటు లేక టైపు చేసేవాళ్లు తెలుగు తొమ్మిదిని వాడతారు. దాన్ని తీసేస్తే ‘ధమము’ మిగులుతుంది. రకారాన్ని దాని చోట పెట్టాలంటే మనిషి కూర్చుని మాట మాటా చూడాల్సిందే.

ఇలాంటి తప్పులు ఒక పెద్ద సంస్థ పెట్టిన పుస్తకంలో కనబడితే రాసి పంపాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే, “ఆ ప్రాజెక్టు క్లోజ్ అయిపోయింది సార్, టెండర్ వాళ్లు వెళ్లిపోయారు” అన్నారు. ఆ మాట అన్న ఉద్యోగి మీద నాకు కోపం లేదు. ఆయన చేతిలో పాస్‌వర్డ్ లేదు, దిద్దే అధికారమూ లేదు. ఇన్ని పేజీల స్కానింగ్, ఇన్ని పేజీల అప్‌లోడ్, బిల్లు, ఆవిష్కరణ సభ, అక్కడితో సరి అన్నట్టు ఆ ప్రాజెక్టును కట్టారు. సభకు వచ్చిన పెద్దలకు శాలువాలు కప్పడానికి పద్దు ఉంది. మర్నాడు ఒక పాఠకుడు తప్పు చూపిస్తే దాన్ని అందుకునే మనిషి మాత్రం లేడు.

మన పాత ప్రచురణకర్తలు ఈ విషయంలో మనకంటే ఎంతో నయం. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చుకునే రోజుల్లో, ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట, అచ్చయ్యాక తప్పు కనబడితే మళ్లీ అచ్చు వేసే స్తోమత ఎవరికీ ఉండేది కాదు. అందుకే పుస్తకం చివర ‘తప్పొప్పుల పట్టిక’ వేసేవాళ్లు. పుట, పంక్తి, తప్పు, ఒప్పు. శ్రద్ధ గల పాఠకుడు పెన్సిల్ పట్టుకుని తన ప్రతిని తానే దిద్దుకునేవాడు. ఇప్పుడు ఆ పుస్తకాలు స్కాన్ అయి వస్తున్నాయి. లోపలి పేజీలో తప్పు ఉన్నచోటే ఉంది, చివరి పేజీలో పట్టికా ఉన్నచోటే ఉంది. అక్షరాలుగా మార్చినప్పుడు కూడా రెండూ అలాగే వచ్చేస్తున్నాయి. ఇక్కడ తప్పు పడింది, ఇలా చదువుకోండి అని రచయితే చెప్పి పోయినా ఆయన మాట వినేవాళ్లు లేరు.

ఇంతకంటే తేలికైన మరమ్మతు ఇంకేముంటుంది? మీ దగ్గరున్న పాత పుస్తకాల్లో ఇలాంటి పట్టిక ఉన్నవాటిని ముందు పక్కకు తీయండి. పట్టిక ప్రకారం లోపలి పాఠం దిద్దండి. ఎప్పుడు దిద్దారో, ఎవరు దిద్దారో ఒక వాక్యంలో రాయండి. పట్టికను మాత్రం తీసేయకండి, అదీ పుస్తకంలో భాగమే. కొత్తగా వచ్చే ప్రతి డిజిటల్ పుస్తకానికీ, ప్రతి వెబ్ పత్రికకూ అలాంటి పేజీ ఒకటి ఉండాలి. కాగితానికైతే అది ఒక్కసారి వేసి వదిలేసేది. ఇక్కడ పెరుగుతూ పోతుంది. పెరుగుతోందంటే ఎవరో చదువుతున్నారనే కదా అర్థం.

తేదీ వేయమని, పేరు రాయమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, డిజిటల్‌లో దిద్దడం ఎంత తేలికో మాయం చేయడమూ అంతే తేలిక. పొద్దున చదివిన వార్త సాయంత్రానికి మారిపోయి ఉంటుంది, మార్చినట్టు ఎక్కడా ఉండదు. 2023 జూలైలో భూపాలపల్లి వైపు మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. అలాంటి రోజున మొదటి గంటల్లో వచ్చిన సమాచారం తర్వాత మారక తప్పదు, దానికి విలేకరిని అనాల్సిన పని లేదు. ఏది ముందు రాశారు, ఏది తర్వాత తేలింది అన్నది వార్త కిందనే ఉండాలి. రేపు ఆ వరద చరిత్ర రాసేవాళ్లు ఆధారపడేది వీటి మీదే.

వేయిస్తంభాల గుడి కల్యాణమండపం సంగతి ఓరుగల్లు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బాగుచేయడానికని మండపాన్ని విప్పి, ఆ రాళ్లకు నంబర్లు వేసి ఆవరణలో పెట్టారు. పని ఏళ్లకేళ్లు సాగింది. ఇక అయ్యేది కాదేమో అని ఊరంతా అనుకున్నాక, 2024 మార్చిలో మండపం మళ్లీ తెరుచుకుంది. ఏ రాయి ఎక్కడిదో రాసి పెట్టుకున్నారు కాబట్టే మళ్లీ కట్టగలిగారు. మనం పాఠాన్ని విప్పేటప్పుడు ఆ నంబరు వేయడం మరిచిపోతున్నాం. మార్చే ముందు అసలు ఏముండేదో ఎక్కడా దాచడం లేదు.

ఈ జిల్లాల పేర్లనే తీసుకోండి. ఒద్దిరాజు సోదరులు 1922లో ఇనుగుర్తి నుంచి ‘తెనుగు’ పత్రిక మొదలుపెట్టారు. పాత రచనల్లో ‘వరంగల్ జిల్లా ఇనుగుర్తి’ అని ఉంటుంది. ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 1953కు ముందు ఖమ్మం కూడా వరంగల్ జిల్లాలోదే. 2016లో మన జిల్లాను ముక్కలు చేసినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. అంటే ‘వరంగల్ జిల్లా’ అన్న రెండు మాటలకు 1950లో ఒక అర్థం, 1960లో ఒక అర్థం, ఇవాళ ఇంకో అర్థం. పాత పుస్తకంలో దాన్ని ‘సరిచేసే’వాళ్లు పుస్తకాన్ని పాడు చేస్తున్నారు. మూలంలో ఉన్నది ఉన్నట్టే ఉంచి, ఇప్పుడు ఈ ఊరు ఫలానా జిల్లాలో ఉంది అని కింద ఒక గమనిక పెట్టండి. 2017 నాటి వార్తలో ‘వరంగల్ అర్బన్’ ఉంటే అది తప్పు కాదు, ఆ నాటి ముద్ర.

ఇక అన్నిటికంటే మనసుకు కష్టం కలిగించే సంగతి. మరమ్మతు పేరుతో భాషను చెరపడం.

ఇక్కడి రచయిత ఒకాయన కథల సంపుటి వెబ్ ప్రతి నా దగ్గరికి చివరి ప్రూఫు కోసం వచ్చింది. అచ్చు పుస్తకాన్ని పక్కన పెట్టుకుని చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ‘పోయిండు’ అన్నచోటల్లా ‘పోయాడు’ పడింది. ‘కైకిలి’ పోయి ‘కూలి’ వచ్చింది. ‘యారాలు’ కాస్తా ‘తోడికోడలు’ అయింది. ‘యాది’ అంతటా ‘జ్ఞాపకం’ అయింది. దొర ముందర నిలబడ్డ జీతగాడు “నీ బాంచెన్ దొరా” అంటే, దాన్ని “మీ బానిసను దొరా” అని దిద్దారు. అచ్చు పుస్తకంలో దొర గడిలో ఒక తీరు మాట, వాడలో ఒక తీరు మాట ఉంటుంది. ఆ తేడా మీదనే కథ నిలబడింది. వెబ్ ప్రతిలో దొర, జీతగాడు, పట్నం నుంచి వచ్చిన పంతులు అందరూ ఒకే భాష మాట్లాడుతున్నారు. భాషా దోషాలు సవరించమని ఎవరో సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. అది మొహమాటం లేకుండా తన పని చేసుకుపోయింది.

స్పెల్‌చెకర్‌కు ‘గిట్ల’ తెలియదు, ఎర్రగీత గీస్తుంది. ఏఐకి దిద్దమని ఇస్తే పాఠ్యపుస్తకాల తెలుగులోకి లాక్కుపోతుంది. ఇంతకుముందు ఇలాంటి పని మనిషి చేస్తే పుస్తకంలో పది చోట్ల చేసి అలిసిపోయేవాడు. ఇప్పుడు ఒక్క పూటలో వంద పుస్తకాలకు చేయొచ్చు. ఏటా సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వేదిక మీద మన యాసను మెచ్చుకుని, మర్నాడు మన కథలను ఇలా తోమేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

మెషీన్ వాడొద్దని నేననడం లేదు. పైన చెప్పిన అంకె సున్నాల్లాంటివి వెతికి పెట్టడానికి దాన్ని మించింది లేదు. అది చూపించాలి, మనిషి తేల్చాలి. ప్రూఫ్ రీడర్లం మేం ఏ పుస్తకమైనా మొదటి రెండు ఫారాలు చదివేసరికి రచయిత వాడుకను ఒక కాగితం మీద రాసుకుంటాం. ఆయన ‘హన్మకొండ’ అంటాడా, ‘హనుమకొండ’ అంటాడా? కథ చెప్పేటప్పుడు ‘చేసిండు’ అంటాడా, ‘చేశాడు’ అంటాడా? పాత్రలు మాట్లాడితే ఎలా మారుతుంది? ఆ కాగితం పుస్తకం అచ్చయ్యాక చెత్తబుట్టలోకి పోతుంది. ఇకనుంచి దాన్ని డిజిటల్ ప్రతితో పాటే ఉంచండి. తర్వాత వచ్చి దిద్దేవాళ్లకు ఏది తప్పో, ఏది రచయిత సొంతమో తెలుస్తుంది. కంటికి కనబడని సంగతులు కూడా అందులో రాయాలి. ‘వరంగల్‌లో’ అని విడిగా కనబడడానికి మధ్యలో ఒక అదృశ్య సంకేతం పెడతాం. దాన్ని చెత్త అనుకుని ‘క్లీన్’ చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చేశాక అది ‘వరంగల్లో’ అయి కూర్చుంటుంది. కొందరు రచయితలకు అదే ఇష్టం, కొందరికి కాదు. ఎవరికి ఏది ఇష్టమో ఎవరైనా రాసిపెడితే కదా తెలిసేది.

మూల ఫైళ్ల గురించి కూడా చెప్పాలి. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరం అక్షరంగానే కనబడేలా ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే చోటు ఉంది. కానీ మన అచ్చుపని చాలా కాలం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను లాంటి ఫాంట్లతోనే నడిచింది, ఇప్పటికీ కొంత నడుస్తోంది. ఆ ఫాంట్లను తప్పుపట్టడం లేదు, తెలుగు అచ్చును కంప్యూటర్ కాలంలోకి తెచ్చింది అవే. వాటిలో అక్షరం అక్షరంగా ఉండదు. తలకట్టు, గుడి, ఒత్తు దేనికది ముక్కగా, ఇంగ్లిష్ కీల వెనక కూర్చుని ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. అయినా కొన్ని ఒత్తులు పక్క అక్షరానికి అతుక్కుంటాయి, కొన్ని రాలిపోతాయి.

చాలామంది ఈ గొడవంతా ఎందుకని పీడీఎఫ్ చేసి పెట్టేస్తున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, అక్షరాలు చెదిరిపోయి వస్తాయి. ఫోన్‌లో చదివేవాళ్లు పేజీని పక్కకు జరుపుకుంటూ, పెద్దది చేసుకుంటూ తిప్పలు పడతారు. అక్షరాలు తెర వెడల్పుకు సర్దుకునే ఈపబ్ లాంటి ఫైలు కావాలంటే మూలం కావాలి. మూలం ఎక్కడుంది? డీటీపీ సెంటర్ హార్డ్‌డిస్క్‌లో. ఆ కంప్యూటర్ పాతబడితే తుక్కు కిందకు పోతుంది, దానితో పుస్తకమూ పోతుంది. ప్రచురణకర్తలారా, డబ్బులిచ్చేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు మూల ఫైలు, వాడిన ఫాంట్ పేరు అడిగి తీసుకోండి. అడిగితే ఎవరూ కాదనరు. అడిగేవాళ్లే తక్కువ.

ఇంతా చెప్పి, ఇప్పటిదాకా జరిగిన పనిని తక్కువ చేస్తే పాపం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు లేకపోతే, పల్లెల్లో ఉండి పరిశోధన చేసే పిల్లలకు దిక్కుండేది కాదు. వాటిలో పేజీలు తప్పిపోయినవి ఉన్నాయి, పుస్తకం పేరును వింత ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో నమోదు చేసినవి ఉన్నాయి. ఆ సైటు ఆగిపోయాక కూడా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరిన కాపీలే మనల్ని కాపాడాయి. ఒకచోటే పెట్టి ఊరుకుంటే ఏమవుతుందో అప్పుడే తెలిసింది.

బాగుచేసే పద్ధతి ఎలా ఉండాలో చూడాలంటే, పాత పుస్తకాలను స్వచ్ఛందంగా అక్షరాల్లోకి ఎక్కించే తెలుగు వికీసోర్స్ సైటు తెరవండి. ఎడమవైపు అక్షరాలు, కుడివైపు అసలు పేజీ బొమ్మ. ఇంకా ఎవరూ దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దింది పసుపు, ఇంకొకరు మళ్లీ సరిచూసింది ఆకుపచ్చ. దిద్దినాయన తన పేజీకి తానే ఆకుపచ్చ వేసుకోవడానికి లేదు. ఎవరు ఏ అక్షరం మార్చారో చరిత్రలో ఉంటుంది, తప్పుగా మారిస్తే వెనక్కి తేవచ్చు. జీతం లేకుండా, ఇంటి పని, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చేస్తున్నారు వాళ్లు. పద్దులున్న సంస్థలు ఆ మూడు రంగుల పాటి నిజాయితీ చూపించలేవా? ‘ఈ పుస్తకం ఓసీఆర్ ప్రతి, ఇంకా ప్రూఫు చూడలేదు’ అని మొదటి పేజీలో రాస్తే సంస్థ పరువేమీ పోదు. పాఠకుడు జాగ్రత్తగా చదువుకుంటాడు, తప్పు కనబడితే చెప్తాడు. చెప్పడానికి ఒక ఈమెయిల్, దాన్ని చూసే ఒక మనిషి ఉంటే చాలు.

ఆ మనిషికి జీతం ఇవ్వండి. స్కానింగ్‌కు పేజీకి ఇంత అని రేటు కడతారు. ప్రూఫు దగ్గరికి వచ్చేసరికి మిగిలితే చూద్దాం అంటారు. తెలుగు ఎంఏలు చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఈ ఊళ్లోనే ఎంతోమంది ఉన్నారు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి ఇక్కడే ఉంది. హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పుట్టింది. పాత పుస్తకం పక్కన పెట్టుకుని పాఠం పోల్చి చూడడం, ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో తేల్చడం ఆ పిల్లలకు నేర్పించండి. దిద్దిన వాళ్ల పేరు పుస్తకం మీద వేయండి. వచ్చే సెప్టెంబరు 9కి కొత్తగా ఒక్కటి కూడా అప్‌లోడ్ చేయకపోయినా పర్వాలేదు. ఇప్పటికే పెట్టినవాటిలో ఓరుగల్లు వైపు పుస్తకాలు కొన్ని తీసి, ఎర్రగా ఉన్నవాటిని ఆకుపచ్చలోకి తెచ్చి, ఇవీ మేం దిద్దిన తప్పులు అని పట్టిక బయటపెట్టండి. ఆ సభకు నేను తప్పకుండా వస్తాను.

చివరిగా రచయితలకు, చిన్న ప్రచురణకర్తలకు ఒక మాట. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడిచే కంప్యూటర్ ఒకటి నా దగ్గర ఇంకా పనిచేస్తోంది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు ఎవరి బీరువాలోనైనా పాత సీడీలు, ఆగిపోయిన హార్డ్‌డిస్క్‌లు ఉంటే పారేయకండి. ఇక్కడ అలాంటి కంప్యూటర్ ఉన్న డీటీపీ సెంటర్ ఏదైనా సరే, తీసుకెళ్లి చూపించండి. నా దగ్గరికొస్తే, ఫైళ్లు తెరుచుకున్నంతవరకు యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను. ప్రూఫు మాత్రం మీరూ పక్కన కూర్చోవాలి. మీ ఊరి మాటల్లో ఏది తప్పో, ఏది కాదో మీరే చెప్పాలి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ప్రూఫ్ రీడర్